చదివినది పరీక్షలో ఎందుకు గుర్తురావడం లేదు?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. రాత్రి పన్నెండు దాటినా పుస్తకం వదలడు. ప్రతి పాఠాన్నీ నాలుగైదుసార్లు చదివి, ముఖ్యమైన వాక్యాల కింద రంగు గీతలు గీస్తాడు. అడిగితే అన్నీ వచ్చునంటాడు. తీరా బడిలో పెట్టిన జీవశాస్త్రం పరీక్షలో యాభైకి ఇరవై రెండే వచ్చాయి. ప్రశ్న చూస్తే తెలిసినట్టే ఉంటుందట, రాయబోతే ఏమీ గుర్తురాదట. ట్యూషన్ మార్చమంటారా? – ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, ట్యూషన్ మార్చనక్కరలేదు. మీ అబ్బాయి కష్టపడుతూనే ఉన్నాడు, చదివే తీరు మారితే చాలు. ఒకే పాఠాన్ని పదేపదే చదివితే వాక్యాలు కంటికి అలవాటవుతాయి, ఆ అలవాటునే పిల్లలు పాఠం వచ్చేసిందనుకుంటారు. పరీక్షలో పుస్తకం చూడకుండా జ్ఞాపకం తెచ్చుకుని రాయాలి. ఇంట్లో ఆ సాధన చేయని పిల్లవాడికి అది అక్కడ హఠాత్తుగా రాదు.

2006లో రోడిగర్, కార్పికె అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కళాశాల విద్యార్థులపై జరిపిన ఒక ప్రయోగం ఇక్కడ చెప్పుకోదగినది. కొందరు ఒక పాఠ్యభాగాన్ని నాలుగు విడతలుగా చదివారు. మరికొందరు ఒక్క విడతే చదివి, మిగిలిన మూడు విడతల్లో చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే చదివినవారిదే పైచేయి అయింది. వారం తరువాత మాత్రం వారికి సుమారు 40 శాతం గుర్తుంటే, రాసినవారికి 61 శాతం గుర్తుంది. కాబట్టి మీ అబ్బాయి రాత్రి వచ్చునని చెప్పిన మాట అబద్ధం కాదు, అప్పటికి అతనికి వచ్చినట్టే ఉంటుంది.

ఇకపై ఇలా చేయించండి. విసర్జన పాఠంలో నెఫ్రాన్ (మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే సూక్ష్మ భాగం) పటం ఉంటుంది. దానిని ఒకసారి శ్రద్ధగా చూసి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గీసి, బౌమన్ గుళిక నుంచి సంగ్రహణ నాళం దాకా భాగాల పేర్లు రాసి, ఒక్కో భాగంలో ఏం జరుగుతుందో సొంత మాటల్లో ఒక్కో వాక్యం రాయమనండి. మొదటిసారి హెన్లీ శిక్యం దగ్గరో మరోచోటో ఆగిపోతాడు. ఆగినా వెంటనే పుస్తకం తెరవనివ్వకండి, రెండు నిమిషాలు ఆలోచించనివ్వండి. ఆ తరువాత పుస్తకంతో సరిపోల్చి, తప్పినవి ఎర్ర సిరాతో దిద్దుకోవాలి. మర్నాడు ఆ ఎర్ర సిరా ఉన్నచోట్లే మళ్లీ చదివితే సరిపోతుంది. పాఠమంతా మొదటి నుంచి తిరగేయనక్కరలేదు గనుక ఎంతో సమయం మిగులుతుంది.

నేర్చుకున్నది మొదటి రోజుల్లోనే వేగంగా మరుగున పడుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. అందుకే ఈ రాత అంతా ఒకే రాత్రి కాకుండా మర్నాడు, మూడో రోజు, వారం తరువాత జరగాలి. మరొక మాట గట్టిగా చెబుతున్నాను: పన్నెండు దాటాక చదివించకండి. ఈ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, చదివినది మెదడులో కుదురుకోవడానికి ఆ నిద్ర కూడా అవసరమే.

ప్రశ్న: లెక్కల్లో ఏ అధ్యాయానికి ఆ అధ్యాయం చేస్తే అన్నీ వస్తున్నాయి. మోడల్ పేపరులో కలిపి ఇస్తే తడబడుతున్నాను. – పదో తరగతి విద్యార్థిని, మధురవాడ

జవాబు: అమ్మా, త్రికోణమితి అభ్యాసంలో ఉన్న లెక్కకు ఏ సూత్రం వాడాలో ఆ శీర్షికే ముందుగా చెప్పేస్తుంది, పరీక్షలో ఆ సాయం ఉండదు. వర్గ సమీకరణాలు, అంకశ్రేఢులు, త్రికోణమితి, సంభావ్యతల నుంచి కొన్ని లెక్కలు విడివిడి చీటీల మీద రాసి, కలిపేసి, ఒక్కొక్కటి తీసి చెయ్యి. సాధించే ముందు ఇది ఏ పద్ధతి లెక్క, ఎందుకు అని ఒక వాక్యం రాసుకో. మొదట్లో నెమ్మదిగా సాగుతుంది, తప్పులూ ఎక్కువవుతాయి, అయినా ఈ పద్ధతి మానవద్దు. ఇది కాస్త అలవాటయ్యాక ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, గైడు మరో గదిలో ఉంచి, అసలు పరీక్షకు ఇచ్చినంత సమయంలోనే పూర్తిచేసి, సోమవారం మీ లెక్కల మాస్టారి చేత దిద్దించుకో.