ముగింపు కుదరకపోతే కథ మధ్యలోకి వెళ్లి చూడండి

సుఖాంతం చేస్తే తేలిపోతోంది, విషాదాంతం చేస్తే పనిగట్టుకుని ఏడిపించినట్టుంటోంది, పాఠకుడికి తృప్తినిచ్చే ముగింపు ఎలా రాయాలి అని అడిగారు. ఈ బాధ నేనూ పడ్డాను. అందుకే నా అనుభవం చెబుతాను.

చాలా ఏళ్ల కిందట ఒక కథ రాశాను. అందులో తండ్రికి చదవడం రాదు. ఆ సంగతి కూతురికి తెలియనివ్వడు. పిల్ల ఏ కాగితం తెచ్చినా జేబు తడుముకుని, "కళ్లజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయానమ్మా, నువ్వే చదివి వినిపించు" అంటాడు. చివర్లో రాత్రి బడిలో చేరి అక్షరాలు దిద్దుతాడు, పెళ్లయి వెళ్లిన కూతురు రాసిన ఉత్తరాన్ని కూడబలుక్కుని చదువుకుంటాడు. రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి. చదివిన స్నేహితురాలు మాత్రం "బాగుంది" అని ఊరుకుంది. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది: "అతనికి చదువొస్తుందా రాదా అని నేను చూడలేదు. కూతురికి ఎప్పుడు చెబుతాడా అని చూశాను. చెప్పకుండానే ముగించేశావు."

కథ అడిగింది ఒకటి, నేను జవాబిచ్చింది ఇంకొకటి. చిక్కుముడి విడిపోవడం కథలోంచే రావాలి గానీ, పాత గ్రీకు నాటకాల్లో చిక్కు తీర్చడానికి యంత్రంతో పైనుంచి దేవుణ్ణి వేదిక మీదికి దించినట్టు ఉండకూడదని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే రాశాడు. నా రాత్రి బడి అలా దించిందే. అంతకుముందు పేజీల్లో దాని ఊసే లేదు.

సరే, చివరి పేజీ మార్చి అతని చేత నిజం చెప్పించాను. అదీ అతకలేదు. ఎందుకంటే మధ్యలో ఎక్కడా అతను ఆ మాట దాకా వచ్చి ఆగింది లేదు. అప్పుడు ఒక చిన్న సన్నివేశం చేర్చాను. కూతురు పరీక్ష తప్పి, రెండు రోజులు దాచిపెడుతుంది. తెలిశాక తండ్రి "నా దగ్గర దాపరికం ఏంటమ్మా" అనబోయి, "నా దగ్గర..." దాకా వచ్చి నోరు మూసుకుంటాడు. ఆ సగం వాక్యం పడ్డాకే చివరి పేజీ నిలబడింది. జేబులోంచి కళ్లజోడు తీసి బల్ల మీద పెడతాడు. "ఇది ఉన్నా నాకు చదవడం రాదమ్మా" అంటాడు.

సుఖమా విషాదమా అన్నది నా దృష్టిలో తర్వాతి సంగతి. 1861లో ఆంగ్ల నవలాకారుడు డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' నవలను మొదట నాయికానాయకులు విడిపోయేలా ముగించాడు. తోటి రచయిత బుల్వర్ లిటన్ సలహా మీద మార్చి, కలుస్తారన్న ఆశ మిగిల్చాడు. రెంటినీ సమర్థించే పాఠకులు ఇప్పటికీ ఉన్నారు.

మీ కథ మొదటి రెండు పేజీలు మళ్లీ చదవండి. పాఠకుడు దేనికోసం ఎదురుచూస్తాడో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ తర్వాత కథ నడుమ, మీ పాత్ర దానికి ఎన్నిసార్లు దగ్గరగా వచ్చిందో వెతకండి. ఒక్కసారీ రాకపోతే చివరి పేరాను ఎన్నిసార్లు తిరగరాసినా లాభం ఉండదు.

తండ్రి మాట విన్నాక కూతురు ఏమందని కొందరు అడిగారు. ఆమె జవాబు నాలుగు వాక్యాలు రాసి చూశాను. కొట్టేశాను. బల్ల మీద కళ్లజోడు దగ్గరే ఆపాను.