యాప్ ధర తర్వాత, ముందు కాన్పు సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాలవాళ్లు వాడికల లెక్క రాసుకునేలా ఒక యాప్ చేశాను. ఏడాదిలో 11 వేల డౌన్‌లోడ్లు వచ్చాయి. ప్రకటనల మీద నెలకు రూ.3,800 వస్తోంది. ఉచితంగానే ఉంచాలా, నెలకు రూ.49 పెట్టాలా? వచ్చే నెల ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా. రాజీనామా ఇచ్చేలోపే జీతం స్లిప్పులు చూపించి రూ.5 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని ప్రచారానికి పెట్టమని ఒక మిత్రుడు అంటున్నాడు. వడ్డీ 16 శాతం, మూడేళ్లలో కట్టాలి. ఇంటి ఖర్చు నెలకు రూ.42 వేలు, చేతిలో రూ.1.4 లక్షలు ఉన్నాయి. ఆరోగ్య బీమా కంపెనీదే. నా భార్యకు ఇప్పుడు ఐదో నెల.

జవాబు: అన్నిటికంటే ముందు రాయాల్సిన మాట చివర్లో రాశారు. ఉద్యోగం మానేసిన రోజుతో కంపెనీ బీమా పోతుంది. కొత్త పాలసీ తీసుకున్నా ఈ కాన్పుకు పైసా రాదు, ప్రసూతి ఖర్చులకు వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక ఆగాల్సిన గడువు ఉంటుంది. సిజేరియన్ అయి, బిడ్డను నాలుగు రోజులు ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూ) ఉంచమన్నారనుకోండి. మీ రూ.1.4 లక్షలు ఆస్పత్రి కౌంటర్ దగ్గరే అయిపోవచ్చు. ఏ ఇబ్బందీ రాకపోయినా ఆ డబ్బు మూడు నెలల ఇంటి ఖర్చుకు సరి.

ఇక ఆ అప్పు. మానేయబోతున్న ఉద్యోగం జీతం చూపించి తీసుకోవడమేమిటి? నెలకు సుమారు రూ.17,580 ఈఎంఐ. మీరు రూ.49 పెట్టి, అందులో గూగుల్ ప్లే 15 శాతం పట్టుకుంటే చేతికొచ్చేది రూ.41.65. అంటే 422 మంది కట్టే డబ్బు ఈఎంఐకే పోతుంది. ఇల్లు గడవాలంటే ఇంకో వెయ్యి మంది కావాలి. డౌన్‌లోడ్లను ఆదాయంగా లెక్కేసుకోవడం యాప్ చేసినవాళ్లలో తరచూ చూసే పొరపాటే. 11 వేల మందిలో రోజూ తెరిచేది ఎందరో మీరు రాయనే లేదు.

యాప్ వాడే పాలవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవాలా అంటే, తీసుకోండి. ప్లే స్టోర్‌లో ఒకసారి ఉచితంగా పెట్టిన యాప్‌ను తర్వాత డౌన్‌లోడ్ ధరకు మార్చనివ్వరు, కాబట్టి యాప్ లోపల నెల చందా పెట్టుకోవాలి. లీటర్లు, నాగాలు రాసుకోవడం ఉచితంగానే ఉంచండి. నెలాఖరున నాగాలు తీసేసి ఇంటింటి బిల్లు తయారుచేసి వాట్సాప్‌లో పంపే పనికి రూ.49 అడగండి. పాలాయనకు రాత్రి పదింటిదాకా కాలిక్యులేటర్‌తో కుస్తీ తప్పేది అక్కడే. ఇదంతా ఉద్యోగం చేస్తూనే చేయొచ్చు.

రాజీనామాకు మాత్రం రెండు షరతులు. కాన్పయి, బిడ్డ పేరు కూడా చేర్చిన సొంత ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) చేతికి రావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. రెండోది అత్యవసర నిధి. నెల జీతం ఉన్నవాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీ ఆదాయం ఏ నెల ఎంతో తెలియదు కాబట్టి పన్నెండు నెలలది ఉండాలి, అంటే రూ.5.04 లక్షలు. మీరు అప్పు చేసి ప్రకటనల్లో పోద్దామనుకున్నదీ దాదాపు అంతే! సగం సేవింగ్స్ ఖాతాలో, సగం లిక్విడ్ ఫండ్‌లో (డబ్బు త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచి, యాప్ కోసం ముట్టుకోకండి. అంతదాకా సిప్‌లు, బంగారం ఏవీ వద్దు.

మిత్రుడికి మీ యాప్ మీద అంత నమ్మకమే ఉంటే, ఆ రూ.5 లక్షలు తననే వాటాగా పెట్టమనండి.