మ్యాట్ మీద పరువు గొడవ

ప్రశ్న: మాస్టారూ, కాకినాడలో మూడేళ్ళుగా జూడో, జియు జిట్సు నేర్పుతున్నాను. షెడ్డు అద్దెకు తీసుకుని, అప్పు చేసి మ్యాట్లు వేయించాను. కొత్తవాళ్ళు వస్తున్నారు, ఫీజు కడుతున్నారు, రెండు వారాలు తిరక్కుండానే మాయమవుతున్నారు. నా దగ్గర ఆరుగురు సీనియర్ కుర్రాళ్ళున్నారు, ఆట బాగా తెలిసినవాళ్ళే, కానీ కొత్తవాడు కనపడితే చాలు, పీక పట్టేస్తారు. గోడ మీద 'అహం బయట వదిలి రండి' అని పెద్ద అక్షరాలతో రాయించాను కూడా. చెబితే నవ్వేసి ఊరుకుంటారు. గట్టిగా మందలిస్తే వేరే జిమ్‌కి పోతారేమోనని టెన్షన్, మెడల్స్ తెచ్చేది వాళ్ళే మరి. ఏం చేయమంటారు?
– పేరు వేయొద్దన్న కోచ్, కాకినాడ

జవాబు: చెప్పులైతే బయట వదిలి రమ్మనొచ్చు గానీ... సరే, ఆ గోడ మీది రాత సంగతి వదిలేద్దాం. ముందు ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ కుర్రాళ్ళ కళ్ళ ముందు మీరు ఆఖరుసారి ట్యాప్ చేసింది ఎప్పుడు? (తెలియని పాఠకుల కోసం: పట్టు బిగిసినప్పుడు అవతలివాడి ఒంటి మీద రెండుసార్లు తడితే 'చాలు, వదిలెయ్' అని అర్థం. అదే ట్యాప్.) గుర్తు రావడం లేదంటే రోగం అక్కడే ఉంది. మీరు పాఠం చెబుతారు, ఒకణ్ణి పిలిచి వాడి మీద చేసి చూపిస్తారు, అందులో గెలిచేది ఎప్పుడూ మీరే, తీరా స్పారింగ్ (ఇద్దరూ నిజంగా తలపడే సాధన) మొదలయ్యాక పక్కన నిలబడి టైమర్ చూసుకుంటారు. ఇదే మూడేళ్ళు చూసిన కుర్రాడికి పెద్దవాడంటే ఓడిపోనివాడు అని కాక ఇంకేం అర్థమవుతుంది? వాడు కొత్తవాడి పీక పట్టేది మీలా అవ్వాలనే.

జూడో నేర్పేవారు కాబట్టి జిగొరో కానో సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 1882లో టోక్యోలో ఒక గుడిలో, 12 చాపల జాగాలో, 9 మంది శిష్యులతో జూడోని మొదలుపెట్టినాయన. నాకు మాత్రం ఆయన కంటే ఆయన గురువు ఇకుబో మీద గౌరవం ఎక్కువ. కిటో ర్యూ అనే పాత జుజుత్సు సంప్రదాయంలో పండినవాడు. ఒకరోజు సాధనలో కానో ఆయన్ని వరసపెట్టి పడేశాడు, గురువు వేసిన పట్టు ఒక్కటీ పని చేయలేదు. అదేంటని అడిగితే, అవతలివాడి తూకం ముందు ఎలా తప్పించాలో ఇన్నాళ్ళుగా పరిశీలిస్తున్నానన్నాడు శిష్యుడు. ఇకుబో ముఖం మాడ్చుకోలేదు. ఇక నీకు నేర్పడానికి నా దగ్గరేమీ లేదని, కొన్నాళ్ళకే తన సంప్రదాయం తాలూకు పుస్తకాలు, రాతప్రతులు తీసుకెళ్ళి శిష్యుడి చేతిలో పెట్టాడు. జూడో పుట్టుకలో అందరూ కానోని చూస్తారు గానీ, ఒక పెద్దాయన శిష్యుడి చేతిలో పడి లేచి హాయిగా ఒప్పుకున్న సంగతి చూడరు.

కాబట్టి రేపటి నుంచి వారానికి రెండు రోజులు మీరూ స్పారింగ్‌లోకి దిగండి. మీ ఆరుగురిలో బలమైనవాణ్ణి పిలిచి, వాడు వెనక నుంచి పట్టుకునేలా మీ వీపు ఇచ్చి మొదలుపెట్టండి. దొరికిపోతే అందరికీ వినపడేలా ట్యాప్ చేసి, "ఎలా పట్టావురా, మళ్ళీ చూపించు" అనండి. నాటకం ఆడకండి, కావాలని ఓడిపోతే కుర్రాళ్ళు ఇట్టే పసిగడతారు.

ఇక కొత్తవాళ్ళు. మొదటి నెల వాళ్ళకి స్పారింగే వద్దు. పడటం నేర్పండి, ట్యాప్ చేయడం నేర్పండి. ట్యాప్‌లో నేర్పడానికేముంది అనుకోకండి, చాలా ఉంది. చేతులు రెండూ ఇరుక్కుంటే కాలితో తట్టాలి, అదీ కుదరకపోతే నోటితో అరవాలి. పీక పట్టులో మెదడుకి రక్తం ఆగితే స్పృహ పోవడానికి కొన్ని సెకన్లు చాలు. మడమ పట్టి మోకాలు మెలిపెట్టే హీల్ హుక్ ఇంకా దారుణం, నొప్పి తెలిసేసరికి లోపల లిగమెంట్ తెగిపోయి ఉండొచ్చు, కొత్తవాడికి అది తెలియదు, పోటీల్లో వైట్ బెల్టులకి దాన్ని నిషేధించింది ఊరికే కాదు. అందుకే ట్యాప్ బాధ్యత కిందున్నవాడి మీదే వేయొద్దు. పట్టు బిగించినవాడిదే సగానికి పైగా.

సీనియర్లకి ఉపన్యాసం వద్దు, పని అప్పగించండి. ఒక్కొక్కరికీ ఒక కొత్తవాణ్ణి అప్పజెప్పి, "నెల తర్వాత కూడా వీడు వస్తుంటే నీ పని బాగున్నట్టు, తర్వాతి బెల్ట్ అప్పుడు చూద్దాం" అనండి. కొత్తవాడితో ఆడితే మాకేం ప్రాక్టీస్ అంటారు, అంటారు కదా? ప్రతిసారీ కింద నుంచి, చెడ్డ పొజిషన్ నుంచి మొదలుపెట్టమనండి, అందులోంచి బలం వాడకుండా బయటపడమనండి. చెమట పడుతుందో లేదో వాళ్ళే చెబుతారు. మన పాత తాలింఖానాల్లో పార పట్టి గోదా మట్టి తవ్వడం కూడా పహిల్వాన్ల కసరత్తులో భాగమే, కూలికి తవ్వించే పని కాదు. మీ దగ్గర గోదా లేదు, మ్యాట్ ఉంది, తుడిచే కర్ర ఉంది. క్లాసు అయ్యాక ఆ కర్ర మొదట మీరు అందుకోండి.

ఒకరిద్దరు పోతారు. పోనివ్వండి. ఇది తేలిగ్గా అంటున్న మాట కాదు. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు మా జిమ్‌లో బ్యాంకు ఉద్యోగి ఒకాయన కొత్తగా చేరాడు. ఆర్మ్‌బార్ (మోచేతిని వెనక్కి వంచే పట్టు) పట్టాను, ఆయన తట్టాడు, తట్టాడని నాకు తెలుసు, అయినా ఒక్క క్షణం ఎక్కువ పట్టుకున్నాను. మోచేతిలో టప్‌మని శబ్దం వచ్చింది. నాలుగు రోజుల తర్వాత చేతికి కట్టుతో వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా తన బ్యాగ్ తీసుకుని వెళ్ళిపోయాడు. మా కోచ్ నన్ను ఒక్క మాట అనలేదు సరికదా, "గట్టోడివిరా" అని భుజం తట్టాడు. ఆ రోజు నన్ను బయటికి పంపి ఉంటే బాగుపడేవాణ్ణి. మరో రెండేళ్ళు అలాగే ఆడాను.

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. బాక్సింగ్ నేర్చుకుందామని చేరాను. ఆడవాళ్ళం ఇద్దరమే. మగవాళ్ళలో కొందరు నన్ను గాజుబొమ్మలా చూస్తారు, కొందరు బలం చూపిస్తారు. ఒకతనితో చేయనని అంటే "ఇక్కడ అలా కుదరదు, నిఖత్ జరీన్ మగపిల్లలతోనే నేర్చుకుంది కదా" అన్నారు. నాదే తప్పా?
– ఒక గృహిణి, నిజామాబాద్

జవాబు: మీ తప్పేమీ లేదమ్మా. నిఖత్ మీ ఊరి అమ్మాయే, మగపిల్లల మధ్య నేర్చుకుందన్నదీ నిజమే, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. కానీ అప్పట్లో అక్కడ ఆడపిల్లలు లేరు కాబట్టి ఆమె అలా నేర్చుకోవాల్సి వచ్చింది. ఆమె ఓర్చుకున్న కష్టాన్ని తెచ్చి మీ మీద ఎంట్రీ ఫీజులా వేస్తే ఎలా? ప్రపంచ విజేతకున్నంత మొండితనం ఉంటేనే నిలబడగలిగే జిమ్ మంచి జిమ్ కాదు, అది ఎవరు నడిపినా సరే.

ఫలానా వ్యక్తితో చేయను అనే హక్కు అందరికీ ఉండాలి, మగవాళ్ళకి కూడా, కారణం చెప్పక్కర్లేకుండా. కోచ్‌తో విడిగా మాట్లాడి ఈ మాటే చెప్పండి. స్పారింగ్‌కి ముందు "ఈ రోజు సగం బలంతో చేద్దాం" అని మీరే నోరు తెరిచి అనండి, గాజుబొమ్మలా చూసేవాళ్ళకి కూడా ఇది పని చేస్తుంది, ఎంత బలంగా కొట్టాలో తెలియకే చాలామంది అలా చేస్తారు. అయినా మారకపోతే జిమ్ మార్చండి. కొత్త చోట చేరేముందు ఒక గంట బెంచీ మీద కూర్చుని చూడండి, బలమైనవాడు బలహీనుడితో ఆడేటప్పుడు కోచ్ కళ్ళు ఎవరి మీద ఉన్నాయో అదొక్కటీ గమనించండి.

ప్రశ్న: మా సీనియర్‌కి చేతి మీద తామర ఉంది. అలాగే క్లాసుకి వస్తున్నాడు. చెబితే "నాకే చెప్తావా" అంటున్నాడు.
– ఇంటర్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: అతనితో ఆడకు నాన్నా, మాట పడినా సరే. తామర ఒంటికి ఒళ్ళు తగిలితే అంటుకుంటుంది, మ్యాట్ ద్వారా కూడా అంటుకుంటుంది. నీకు ఇప్పటికే మచ్చ కనిపిస్తే చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్ళు, మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములు మాత్రం రాయకు, నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి మళ్ళీ ముదురుతుంది. ఇక అతనికి చెప్పాల్సింది నువ్వు కాదు, మీ సార్. క్లాసు మొదలయ్యే ముందు అందరి గోళ్ళూ, చేతులూ చూడమని సార్‌ని అడుగు, నీ పేరు బయట పెట్టొద్దని కూడా చెప్పు. నేనైతే వరసలో ముందు నా చేతులు చూపిస్తాను, అప్పుడు నాకే చెప్తావా అనే వీలు ఎవడికీ ఉండదు.