నెలసరి ఆగిపోవడం ఫిట్‌నెస్ కాదమ్మా

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయికి 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్. 3000 మీటర్లు పరిగెడుతుంది, జిల్లా మెడల్స్ ఉన్నాయి. కోచ్ గారు ప్రతి సోమవారం పిల్లలందరి ముందూ బరువు చూసి పైకి చదువుతారట. మూడు కిలోలు తగ్గమన్నాక రాత్రి అన్నం మానేసింది. నాలుగు నెలలుగా పీరియడ్స్ లేవు. కోచ్ గారిని అడిగితే ‘బాగా ప్రాక్టీసు చేసేవాళ్లకి మామూలే, మంచిదే’ అన్నారు. ఇప్పుడు మోకాలి కింద ముందు ఎముక నొప్పంటోంది. వచ్చే నెల పోటీలకి పంపనా?
– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: పంపకండమ్మా. వచ్చే నెల పోటీ సంగతి అటుంచి, రేపు పొద్దున్న ప్రాక్టీసు కూడా వద్దు, ముందు డాక్టర్‌కి చూపించండి. మూడు నెలలు పీరియడ్స్ రాకపోతే ఏ ఆడపిల్లకైనా చూపించుకోవాల్సిందే, రన్నర్ అయితే మినహాయింపేమీ లేదు. పరుగుకి సరిపడా తిండి అందకపోతే శరీరం ఉన్నదాంట్లో సర్దుకుంటుంది, నెలసరి ఆపేసుకుంటుంది, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోతుంది, దాంతో ఎముక బలం తగ్గుతుంది. అదీ ఎముక గట్టిపడాల్సిన ఈ వయసులో! అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టి హెచ్చరించింది. ఇంకా ‘మంచిదే’ అంటున్నారంటే నాకు చాలా కోపంగా ఉంది.

అమెరికా అమ్మాయి మేరీ కెయిన్ 17 ఏళ్లకే, 2013లో, ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో 1500 మీటర్ల ఫైనల్ పరిగెత్తింది. పేరున్న కోచ్ దగ్గర చేరితే సన్నబడు, ఇంకా సన్నబడు అన్నారని, తోటివాళ్ల ముందే బరువు చూసేవారని, మూడేళ్లు పీరియడ్స్ రాలేదని, ఐదు ఎముకలు విరిగాయని 2019లో తనే బయటపెట్టింది. అంత ప్రతిభా ఏమైపోయిందో చూడండి.

ఎముక మీద నొప్పి ఒక్కచోటే, వేలు పెట్టి చూపించగలిగేలా ఉంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నని చీలిక) అనుమానించాలి. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఎక్స్‌రే బాగుందని పరుగుకి పంపేయకండి, ఎంఆర్ఐ అవసరమా అని అడగండి. మీ ఊళ్లోని కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎముకల డాక్టర్లూ, గైనకాలజిస్టులూ ఇద్దరూ దొరుకుతారు. థైరాయిడ్, విటమిన్ డి, హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా చూడాలి, హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు. ప్రెగ్నెన్సీ టెస్ట్ కూడా రాస్తారు, అది అందరికీ రాసేదే, అమ్మాయిని అనుమానించినట్టు కాదు. హార్మోన్ మాత్రలు వేసుకుంటే బ్లీడింగ్ వస్తుంది, కానీ తిండి సరిపడా లేకుండా ఆ మాత్రలతో ఎముక కోలుకోదు.

కాబట్టి రాత్రి అన్నం మళ్లీ మొదలవ్వాలి. మళ్లీ పరుగుకి వెళ్లే రోజుల్లో పొద్దున్నే ఖాళీ కడుపుతో పంపకండి, ఒక అరటిపండైనా తినాలి, రాగానే గుడ్లు, చోడి (రాగి) అంబలి, పెరుగు. తినడానికి భయపడుతున్నా, తిన్నాక కక్కుతున్నా సైకాలజిస్టుకి కూడా చూపించండి, తిట్టకండి.

కోచ్ గారి దగ్గరికి మీరూ అమ్మాయి నాన్నగారూ కలిసే వెళ్లండి, డాక్టర్ రాసిన కాగితం పట్టుకుని. బరువు అందరి ముందూ చూడొద్దని, పరుగుకి ఎప్పుడు రావాలో డాక్టరే చెబుతారని నేరుగా చెప్పండి. వింటే సంతోషం. వినకపోతే కోచ్‌ని మార్చండి, మిగతా పిల్లల తల్లులకి కూడా విషయం చెప్పండి, వాళ్ల పిల్లలూ ఆ సోమవారం లైన్లోనే నిలబడుతున్నారు.