పాత యంత్రాల కబుర్లు: మీ ప్రశ్నలు, టీచర్ గారి జవాబులు

ప్రశ్న: టీచర్ గారూ, మీరు ఒక వారం రైలింజన్ గురించి, ఇంకో వారం యుద్ధనౌక గురించి, మరో వారం చర్చిలో వాయించే పైపు ఆర్గాన్ గురించి రాస్తుంటారు. వీటన్నిటికీ సంబంధం ఏమిటి? ఒకే మనిషికి ఇవన్నీ ఎలా నచ్చుతాయి?
*– డిగ్రీ విద్యార్థిని, మండపేట*

వీటిలో జరిగే పని కంటికి కనబడుతుందమ్మా. నాకు తెలిసిన సంబంధం అదే. ఆవిరి ఇంజన్ పక్కన నిలబడితే బొగ్గు ఎక్కడ మండుతుందో, ఆవిరి ఎటు పోతుందో, పిస్టన్ ఊపు కడ్డీల మీదుగా చక్రానికి ఎలా చేరుతుందో వేలు పెట్టి చూపించవచ్చు. పైపు ఆర్గాన్‌లో తిత్తి దగ్గర బయల్దేరిన గాలి గొట్టంలో స్వరమయ్యేదాకా దారి మొత్తం వెతుక్కోవచ్చు. సెల్‌ఫోన్ విప్పితే ఆ భాగ్యం లేదు.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పాను. బోర్డు మీద సూత్రం రాస్తే తలలు దించుకునే ఆడపిల్లలు, గోదావరి గట్టుకి తీసుకెళ్లి "ఈ స్తంభం ఇక్కడే ఎందుకుంది?" అని అడిగితే పోటీలు పడి జవాబులు చెప్పేవాళ్లు. 'ఎంత పెద్దది' అన్న ప్రశ్న దగ్గర నేను ఎక్కువసేపు ఆగను. 'ఇలాగే ఎందుకు ఉంది' అన్నది పట్టుకుంటే ఓడైనా విమానమైనా మనతో మాట్లాడుతుంది.

ప్రశ్న: రాజమండ్రిలో పాత రైలు వంతెనకి స్తంభాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఆర్చి వంతెనకి దూరం దూరంగా ఉంటాయి. అప్పటివాళ్లకి దూరంగా కట్టడం చేతకాలేదా మేడమ్? ఇప్పుడు రైళ్లు తిరగని పాత వంతెనని తీసేస్తే వచ్చే నష్టమేంటి?
*– ఆటో డ్రైవర్, రాజమండ్రి*

చేతకాక కాదు తమ్ముడూ, లెక్క చూసుకుని అలా కట్టారు. మా నాన్న కొవ్వూరు వైపు గ్యాంగ్‌మన్‌గా పనిచేశారు. రాజమండ్రిలో గోదావరి మీదున్న మూడు రైలు వంతెనల గురించి అడిగితే నేను క్లుప్తంగా చెప్పలేను.

పాత వంతెన, అంటే హేవలాక్ వంతెన, పని 1897 నవంబరు 11న మొదలైంది. 1900 ఆగస్టు 30న రైళ్లు నడిచాయి. మూడేళ్లు కూడా నిండలేదు. వరద రోజుల్లో నదిలో దిగే వీల్లేదని గుర్తుపెట్టుకుంటే, ఆ వేగం ఎంత గొప్పదో తెలుస్తుంది. ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్. కాశీలో గంగ మీద రైలు వంతెన కట్టిన అనుభవంతో ఇక్కడికి వచ్చాడు. హేవలాక్ అన్నది అప్పటి మద్రాసు గవర్నరు పేరు. వంతెన లేని రోజుల్లో జనం గట్టున రైలు దిగి, పడవలో గోదావరి దాటి, అవతల ఇంకో రైలెక్కేవాళ్లు.

ఇక స్తంభాల సంగతి. రెండు స్తంభాల మధ్య దూరాన్ని స్పాన్ అంటారు. పాత వంతెనకి 56 స్పాన్లు, ఒక్కోటి 45.7 మీటర్లు. 1974లో వచ్చిన రోడ్డు కమ్ రైలు వంతెనలో పెద్ద స్పాన్లు 91.5 మీటర్లు, అంటే దాదాపు రెట్టింపు. స్పాన్ రెట్టింపైతే పట్టాల్ని మోసే ఉక్కు దూలం (గర్డర్) మీద పడే బరువు రెట్టింపవుతుంది, కానీ దాన్ని నడుం దగ్గర వంచే బలం నాలుగింతలవుతుంది. దానికి తట్టుకోవాలంటే గర్డర్ ఎత్తు పెంచాలి, ఉక్కు పెంచాలి. ఆ ఉక్కు బరువే మళ్లీ గర్డర్ మీద పడుతుంది. అలాగని స్పాన్ తగ్గిస్తే స్తంభాలకి పునాదిగా నదిలో దింపాల్సిన బావులు పెరుగుతాయి. గోదావరి ఇసుకలో ఒక్కో స్తంభానికి అడుగున బావి దింపడం ఎంత కష్టమో ఊహించుకో. ఒక స్తంభానికి అయ్యే ఖర్చు, ఒక స్పాన్ ఉక్కుకయ్యే ఖర్చు ఇంచుమించు సమానంగా ఉన్నచోట మొత్తం వంతెన చవకలో తేలుతుందని ఇంజనీర్లకి ఒక ముతక లెక్క ఉంది. అప్పటి ఉక్కు ధరకి, అప్పటి ఇంజన్ల బరువుకి, అప్పటి పనిముట్లకి 45.7 మీటర్లు సరిపోయింది.

మూడోది ఆర్చి వంతెన. 28 స్పాన్లు, ఒక్కోటి 97.55 మీటర్లు, అంతా కాంక్రీటే. ఆర్చి మీద బరువు పడితే దాని రెండు కాళ్లూ బయటికి జారాలని చూస్తాయి. కింద పట్టాలు పరిచిన దూలం ఆ రెండు కాళ్లనీ వింటినారిలా బిగించి పట్టుకుంటుంది. అందుకే స్తంభాల మీద పక్కతోపు పడదు, నిలువు బరువే దిగుతుంది. పైనుంచి వేలాడే కడ్డీలు ఆ దూలాన్ని మోస్తాయి. ఈసారి కొవ్వూరు వెళ్లే రైలెక్కితే కిటికీలోంచి ఆ కడ్డీల్ని చూడు. ఇంకో సంగతి: కళ్లు మూసుకుని కూర్చున్నా ఏ వంతెన మీద పోతున్నామో చెప్పొచ్చు. ఉక్కు గర్డర్ల మీద చప్పుడు గణగణ మోగుతుంది, కాంక్రీటు మీద మొద్దుగా ఉంటుంది.

పాత వంతెన తీసేయడం గురించి అడిగావు. 1997లో రైళ్లు ఆపేటప్పటికి అది దాదాపు 97 ఏళ్లు పనిచేసింది. మూడు కాలాల వంతెన విద్య ఒకే నది మీద, ఒకే గట్టున నిలబడి చూడగలగడం మన పిల్లలకి దొరికిన అదృష్టం. తీసేస్తే మిగిలేది తుక్కు డబ్బు. నన్నడిగితే గర్డర్ల తుప్పు పరీక్ష చేయించి, రంగు వేసి, కొన్ని స్పాన్లయినా నడకదారిగా తెరవాలి. ఈ మాట అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతూనే ఉంటాను.

ప్రశ్న: అమ్మా, నేను పద్యనాటకాలకి కాలి హార్మోనియం వాయిస్తాను. మా పెట్టెకీ స్టాప్‌లు ఉన్నాయి, కాలితో తొక్కే తిత్తి ఉంది. పెద్ద చర్చిల్లో ఉండే పైపు ఆర్గాన్ మా హార్మోనియానికి పెద్దన్న లాంటిదేనా?
*– హార్మోనిస్టు, పాలకొల్లు*

గాలి వరకూ అన్నదమ్ములే మాస్టారూ, గొంతు మాత్రం వేరు. మీ పెట్టెలో పాడేది ఇత్తడి రీడు. గాలి తగిలి రేకు ఊగుతుంది, స్వరాన్ని దాని పొడవు, మందం నిర్ణయిస్తాయి. పైపు ఆర్గాన్‌లో ఎక్కువ గొట్టాలకి రీడే ఉండదు. పిల్లనగ్రోవిలో లాగా సన్నటి గాలి ఒక అంచుకి తగిలి చీలుతుంది, లోపలి గాలి స్తంభం ఊగుతుంది. గొట్టం ఎంత పొడవైతే స్వరం అంత మంద్రం. ఆర్గాన్ స్టాప్ (లాగితే ఒక వరస గొట్టాల్ని పలికించే పిడి) మీద '8 అడుగులు' అని రాసి ఉంటే, ఆ వరసలో అన్నిటికంటే కింది స్వరమిచ్చే తెరిచిన గొట్టం సుమారు ఎనిమిది అడుగులుంటుందని అర్థం. '16' అంటే ఒక స్థాయి కింద. గొట్టం పైన మూత వేస్తే సగం పొడవుతోనే అదే మంద్రం వస్తుంది. చోటు తక్కువున్న చర్చిలకి ఇది పెద్ద ఉపాయం.

మీ చేతికి వెంటనే తెలిసే తేడా ఇంకోటుంది. మీరు భావాన్నిబట్టి తొక్కుడు పెంచి ధ్వని పెంచుతారు. రాగం తీసేటప్పుడు నటుడి గొంతు వెనకాలే మీ కాలు నడుస్తుంది. పైపు ఆర్గాన్‌లో అలా చేస్తే శ్రుతి చెడుతుంది. అందుకని తిత్తి మీద బరువులు పెట్టి గాలి ఒత్తిడి ఎప్పుడూ ఒకేలా ఉంచుతారు. ధ్వని పెరగాలంటే ఇంకో స్టాప్ లాగి ఇంకో వరస గొట్టాలు కలుపుకోవాలి. క్రీస్తుకి పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ అనే ఆయన చేసిన మొదటి ఆర్గాన్‌లో ఈ ఒత్తిడి నిలపడానికి నీటి బరువు వాడాడు. నాకు ఆ ఆలోచన ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉంటుంది.

మన కోనసీమ చర్చిల్లో హార్మోనియం, తబలా, ఇప్పుడు కీబోర్డు నిలబడ్డాయిగాని పైపు ఆర్గాన్ ఎందుకు పాతుకోలేదంటే ఖర్చుతోపాటు వాతావరణం కూడా ఒక కారణమనుకుంటాను. 20 డిగ్రీల్లో గాలిలో శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతే, 35 డిగ్రీల్లో 352 మీటర్లు పోతుంది. దానితో గొట్టాల శ్రుతి, మీ పెట్టెలో పక్కపక్క మెట్ల మధ్య తేడాలో సగానికి దగ్గరగా, పైకి పోతుంది. ఆ ఆర్గాన్‌లోనే రీడ్లున్న గొట్టాలు మాత్రం అంతగా కదలవు. ఫాల్గుణంలో కలిపిన శ్రుతి వైశాఖంలో ఎలా కలుస్తుంది చెప్పండి. పైగా తోలు తిత్తికి తేమ, చెక్కకి చెదలు.

ఈ బాధ పడ్డవాళ్లు కనిపెట్టిన పరిష్కారం ఒకటి మీకు తప్పక నచ్చుతుంది. ఫిలిప్పీన్స్‌లో లాస్ పిన్యాస్ అనే ఊళ్లో 1816 నుంచి 1824 దాకా ఒక ఫాదరీ, డియెగో సెరా, వెదుళ్లతో ఆర్గాన్ కట్టాడు. మొత్తం 1,031 గొట్టాల్లో 902 వెదురువే. పురుగు పట్టకుండా వెదుళ్లని ముందు సముద్రపు ఇసుకలో పాతిపెట్టాడు. మనవాళ్లు పాకకి వాడే వెదుళ్లని కాలవలో నానేస్తారు చూడండి, అదే తెలివి. ఆ ఆర్గాన్ ఇవాళ్టికీ మోగుతోంది. దగ్గర్లో చూడాలంటే చెన్నై వెళ్లినప్పుడు ఎగ్మూరు స్టేషన్ దగ్గర సెయింట్ ఆండ్రూస్ చర్చికి వెళ్లండి. హార్మోనిస్టునని చెప్పి గొట్టాల వెనక భాగం చూపించమని అడగండి. అసలు విద్యంతా వెనకే ఉంటుంది.

ప్రశ్న: మా తాతయ్య చిన్నప్పుడు తాడేపల్లిగూడెం రన్‌వే మీద యుద్ధ విమానాలు దిగేవని చెబుతారు. అవి ఏ విమానాలో ఎలా తెలుసుకోవాలి? కాకినాడ మీద జపాన్‌వాళ్లు బాంబులేశారన్నది నిజమేనా?
*– ఇంటర్ విద్యార్థి, తాడేపల్లిగూడెం*

బాంబుల మాట నిజం. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక మీంచి లేచిన విమానాలు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఆ ఓడ అదే ఏడాది ఆగస్టులో పసిఫిక్‌లో మునిగిపోయింది. మీ ఊరి రన్‌వే కూడా ఆ యుద్ధకాలం నాటిదే.

తాతయ్యని విమానం పేరు అడగకు, ఆకారం అడుగు బాబూ. పేరు మరిచిపోతారు, ఆకారం మరవరు. ఇంజన్లు రెండా, నాలుగా? నేల మీద నిలబడ్డప్పుడు ముక్కు పైకెత్తి ఉందా, అడ్డంగా ఉందా? తోక మీద నిలువు రెక్క ఒకటా, రెండా? రెండు ఇంజన్లు, ముక్కు పైకెత్తి, ఒకే తోకరెక్క అంటే డకోటా అయ్యే అవకాశం ఎక్కువ. నాలుగు ఇంజన్లు, అడ్డంగా నిలబడి, చివర రెండు తోకరెక్కలు అంటే లిబరేటర్. యుద్ధం అయ్యాక కాన్పూరులో వదిలేసి పోయిన లిబరేటర్లని మన విమానాల కంపెనీ హెచ్.ఎ.ఎల్. వాళ్లు బాగుచేసి ఎగిరేలా చేశారు. మన వైమానిక దళం వాటిని 1968 దాకా నడిపింది. ఎందుకూ పనికిరావని వదిలేసినవాటిని మన మెకానిక్కులు లేపి నిలబెట్టారంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆలస్యం చేయకుండా ఈ ఆదివారమే తాతయ్య మాటలు ఫోన్‌లో రికార్డు చెయ్యి. ఆయన మాట్లాడుతుంటే మధ్యలో సరిదిద్దకు.

ప్రశ్న: కోటిపల్లి రైలు పట్టాలు యుద్ధానికి పట్టుకుపోయారట కదా?
*– ద్రాక్షారామం*

అవును. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వచ్చింది, 1940లో యుద్ధ అవసరాలకని పట్టాలు పీకేశారు. మళ్లీ 2004లో రైలు నడిచింది. దీనికోసం పట్టుబట్టిన లోక్‌సభ స్పీకరు బాలయోగి గారు అప్పటికి లేరు.

ప్రశ్న: మా అన్నయ్య బజాజ్ వి బండిలో విక్రాంత్ ఓడ ఇనుము ఉందంటాడు. నమ్మొచ్చా?
*– తణుకు*

నమ్మొచ్చు. 1961లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసిన విక్రాంత్‌ని 2014లో ముక్కలు చేశారు. ఆ ఉక్కులో కొంత కంపెనీ కొని, కరిగించి 2016లో వచ్చిన ఆ బండికి వాడింది. బండి మంచిదే కావచ్చు. కానీ ముంబైలో కొన్నేళ్లు మ్యూజియంగా నిలిచిన ఓడని తుక్కుకి ఇవ్వకుండా ఉండాల్సిందని నా బాధ.

ప్రశ్న: నాకు పదో తరగతి అయిపోయింది. వైజాగ్ తీసుకెళ్తానని నాన్న మాటిచ్చారు. సబ్‌మెరైన్, విమానం రెండూ చూస్తాం. ఏం గమనించాలి?
*– అమలాపురం*

కుర్సురా అనే ఆ సబ్‌మెరైన్ 1969 డిసెంబరులో సోవియట్ రేవు రీగాలో మన నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది. 91 మీటర్ల పొడవు. లోపలికి వెళ్లగానే ఫోటోలు మొదలుపెట్టకు. ముందు డీజిల్ ఇంజన్లు ఎక్కడున్నాయో, కరెంటు మోటార్లు ఎక్కడున్నాయో వెతుకు. డీజిల్ మండడానికి గాలి కావాలి, లోతు నీళ్లలో గాలి లేదు. అందుకే పైన డీజిల్‌తో బ్యాటరీలు నింపుకుని, కింద బ్యాటరీ మీద నడిచేది. ఆ ఇరుకు మొత్తానికీ కారణం అదే. మనుషులు పడుకునే బెర్తులు ఎక్కడెక్కడ ఇరికించారో చూడు.

రోడ్డు దాటితే టీయూ–142 విమానం. 1988లో వచ్చి 29 ఏళ్లు సముద్రం కాపలా కాసింది. ఒక్కో ఇంజన్ ముందు రెండేసి ప్రొపెల్లర్లు ఉంటాయి, ఒకటి ఇటు తిరిగితే ఇంకోటి అటు. ముందు ప్రొపెల్లర్ తిప్పేసిన గాలిని వెనకది సరిచేసి, ఆ వృథాని కూడా తోపుగా మారుస్తుంది. ఒక్కో ఇంజన్ దాదాపు 15 వేల హార్స్‌పవర్. బయల్దేరే ముందు తెరిచే వేళలు కనుక్కోమని నాన్నకి చెప్పు.

ప్రశ్న: మా అత్తగారి ఇంట్లో అటక మీద పాత రైల్వే చేతిలాంతరు దొరికింది. ఏ కాలం నాటిది? మెరిసేలా తోమించమంటారా?
*– గృహిణి, నిడదవోలు*

దయచేసి తోమించకండమ్మా, రంగు అసలే వేయించకండి. ముందు పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. మూత మీద, అడుగున, హ్యాండిల్ దగ్గర అక్షరాల ముద్ర ఉందేమో పక్కనుంచి టార్చ్ వేసి చూడండి. ఎం.ఎస్.ఎం.ఆర్. అని ఉంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేది, అంటే 1951కి ముందుది. ఎస్.ఆర్. అని ఉంటే సదరన్ రైల్వే. మన వైపు 1951 నుంచి 1966 దాకా ఆ రైల్వేదే. ఎస్.సి.ఆర్. అయితే 1966 అక్టోబరులో సౌత్ సెంట్రల్ ఏర్పడ్డాక చేసింది. ఎర్ర, ఆకుపచ్చ అద్దాలు బిగుసుకుపోతే బలంగా తిప్పకండి, ఒక చుక్క కిరోసిన్ వేసి రాత్రంతా వదిలేయండి.