కుర్చీలోంచి లేస్తే ల్యాప్‌టాప్ ఎందుకు చురుక్కుమంటుంది?

ప్రశ్న: పదేళ్లు చెన్నైలో ఉండి నిరుడు బెంగళూరుకు మారాం. ఈ ఫిబ్రవరి నుంచి మారతహళ్లిలోని మా ఇంట్లో, కుర్చీలోంచి లేచి ల్యాప్‌టాప్ లోహపు అంచును ముట్టుకుంటే వేలికి చురుక్కుమంటోంది. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే మదర్‌బోర్డు మార్చాలన్నారు. నిజంగా మార్చాలా?

జవాబు: అక్కర్లేదండి. అయితే ముందు ఒక తేడా గమనించండి. చార్జర్ పెట్టి ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్ పైభాగాన్ని వేలితో నిమిరితే సన్నగా జివ్వుమంటూ ఉంటే, అది ఎర్త్ లేని రెండు పిన్నుల చార్జర్ల నుంచి వచ్చే స్వల్పమైన లీకేజీ కరెంటు. ఎర్త్ సరిగ్గా ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు వాడితే చాలావరకు పోతుంది. మీరు రాసింది అది కాదు. ముట్టుకున్న క్షణంలో ఒక్కసారి చురుక్కుమని ఊరుకునేది స్థిర విద్యుత్తు. అది పుట్టింది ల్యాప్‌టాప్‌లో కాదు, మీ బట్టలకూ కుర్చీకీ మధ్య.

రెండు వేర్వేరు పదార్థాలు తాకితే చాలు, ఒకదాని నుంచి మరొకదానికి కొంత విద్యుదావేశం చేరుతుంది. రుద్దడం తప్పనిసరి కాదు. రుద్దినప్పుడు తాకే చోట్లు పెరుగుతాయి కాబట్టి ఫలితం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, బడిలో దువ్వెనతో కాగితం ముక్కలను లేపినప్పుడు చూసింది అదే. ఏ పదార్థం ధనావేశం పొందుతుందో, ఏది రుణావేశం పొందుతుందో వరుసగా పేర్చిన తొలి పట్టికను స్వీడన్ భౌతిక శాస్త్రవేత్త యోహాన్ కార్ల్ విల్కె 1757లోనే ప్రచురించాడు. నైలాన్, ఉన్ని, మన జుట్టు ధనావేశం వైపు, పీవీసీ, టెఫ్లాన్ రుణావేశం వైపు ఉంటాయి. మీరు కూర్చున్నంతసేపూ రెండు ఆవేశాలూ పక్కపక్కనే ఉంటాయి కనుక ఏమీ తెలియదు. లేచి దూరం జరిగినప్పుడు అవి విడిపోయి, వాటి మధ్య వోల్టేజీ వేలల్లోకి పెరుగుతుంది. సుమారు 3,000 వోల్టులు దాటితే గాని మనకు చురుకు తెలియదు. అంకె పెద్దదే అయినా నిల్వ ఉండే శక్తి అత్యల్పం కాబట్టి మీకు ప్రమాదం లేదు.

అదే కుర్చీ చెన్నైలో ఎందుకు ఊరుకుందంటే, అక్కడ సముద్రపు తేమ వస్తువుల మీద కంటికి కనిపించని పొరగా పట్టి ఆవేశాన్ని ఎప్పటికప్పుడు జారవిడుస్తుంది. బెంగళూరులో ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాల పొడిగాలిలో ఆ వెసులుబాటు లేదు. లేచేటప్పుడు ఒక తాళంచెవిని గట్టిగా పట్టుకుని, దాని కొనతో ముందు ఏదైనా లోహాన్ని తాకండి. నిప్పురవ్వ తాళంచెవి కొన దగ్గరే పుట్టి, మీ వేలికి నొప్పి తెలియదు. ల్యాప్‌టాప్ విప్పి ర్యామ్ (మెమరీ చిప్పుల పలక) మార్చుకునే అలవాటుంటే మాత్రం మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే కొన్ని చిప్పులు 100 వోల్టుల లోపే దెబ్బతింటాయి, అంటే మీకు ఏమాత్రం తెలియకుండానే.

ప్రశ్న: మడత ఫోను కొన్నాను. వంచితే వస్తువుల్లో కరెంటు పుడుతుందని చదివాను. రోజుకు వందసార్లు మడిస్తే స్క్రీనుకో బ్యాటరీకో హాని ఉందా? (పెరంబూరు, చెన్నై)

జవాబు: మీరు చదివింది నిజమే, మీ భయం మాత్రం అనవసరం. దేన్నైనా వంచినప్పుడు వెలుపలి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుపోతుంది. ఈ అసమానత వల్ల లోపలి ఆవేశాలు కొద్దిగా స్థానం తప్పి వోల్టేజీ ఏర్పడుతుంది. దీన్ని ఫ్లెక్సోఎలక్ట్రిసిటీ అంటారు. మన వంటింటి గ్యాస్ లైటర్‌లో టక్కుమని నొక్కితే రవ్వ పుట్టించేది దీనికి దగ్గరి చుట్టమైన పీజోఎలక్ట్రిసిటీ, 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టింది. అయితే అది కొన్ని రకాల స్ఫటికాల్లోనే ఉంటుంది, వంపు వల్ల కలిగేది విద్యుత్ బంధకాలన్నిటిలోనూ ఉంటుంది.

వంపు ఎంత చిన్న చోట జరిగితే ప్రభావం అంత తీవ్రం. మీ ఫోను మడత మిల్లీమీటర్ల లెక్కలోది కనుక అక్కడ పుట్టేది లెక్కలోకి రాదు. పై ప్రశ్నలోని కుర్చీ సంగతి వేరు. ఎంత నున్నగా కనిపించే ఉపరితలమైనా అతి సూక్ష్మస్థాయిలో గుట్టలూ గుంటలే; రెండు ఉపరితలాలు ఒరుసుకున్నప్పుడు ఆ గుట్టల కొనలు నానోమీటర్ల స్థాయిలో వంగుతాయి. అప్పుడు పుట్టే వోల్టేజీ ఆవేశాన్ని అవతలి వైపుకు నెట్టడానికి సరిపోతుందని అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో లారెన్స్ మార్క్స్ బృందం 2019లో లెక్కకట్టి చూపింది. ఒకే పదార్థంతో చేసిన రెండు ముక్కలను రుద్దినా ఆవేశం ఎందుకు పుడుతుందన్న పాత చిక్కుకు ఇది ఇచ్చే సమాధానం నాకు చాలా నచ్చింది: పదార్థం ఒకటే అయినా వంపులు ఒకటి కావు కదా.

మీ ఫోను విషయంలో పట్టించుకోవలసింది దుమ్ము. కొత్తలో అంటించి వచ్చే రవాణా ఫిల్మును సర్రున లాగితే ఆవేశాలు విడిపోయి, స్క్రీను చుట్టూ ఉన్న ధూళిని రప్పించుకుంటుంది. నెమ్మదిగా ఊడదీసి, లేశమాత్రం తడి ఉన్న మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. దాని కింద కంపెనీయే శాశ్వతంగా అతికించిన రక్షణ పొరను మాత్రం మీరుగా పీకవద్దు.