రోడ్డు మీద కూర్చునే ముందు

చిన్నీ,

నీ మెసేజ్ చూసి రెండు రోజులు ఆగాను. ఫోన్లో అయితే ఒకరి మాటకి ఒకరం అడ్డొస్తాం, అందుకే కూర్చుని రాస్తున్నా. మీ క్లాసువాళ్ళు వచ్చే నెల లండన్ వచ్చి వాతావరణం కోసం రోడ్డు మీద బైఠాయిస్తారనీ, నువ్వూ రావాలా వద్దా అనీ అడిగావు. "పెద్దమ్మా, దారి ఆపితే జనం తిడతారు కదా, దానివల్ల మన పనికే చెడ్డపేరు రాదా?" అన్నావు.

అసలు వద్దు అనే మనిషిని కాను నేను. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. అధికారికంగానే పదివేలమంది దాకా పోయారన్నారు. ఉప్పునీళ్ళు తీశాక కూడా మా చేలో మరుసటి ఏడు వరి సరిగ్గా నిలబడలేదు, మా నాన్న గట్టు మీద నిలబడి మట్టి నోట్లో వేసుకుని రుచి చూడడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంటుంది. సముద్రమట్టం పెరుగుతోందన్న వార్త నాకు ఆ మట్టి రుచితోనే వస్తుంది.

అందుకే 2019 ఏప్రిల్‌లో, వాతావరణం కోసం పోరాడే ఎక్స్‌టింక్షన్ రెబెలియన్ అనే ఉద్యమంవాళ్ళు లండన్‌లో వాటర్లూ వంతెన, ఆక్స్‌ఫర్డ్ సర్కస్, మార్బుల్ ఆర్చ్, పార్లమెంట్ స్క్వేర్ ఆపేసినప్పుడు నేనూ వెళ్ళాను. ఆసుపత్రిలో డ్యూటీ దిగి, డబ్బాలో పులిహోర పట్టుకుని వంతెన ఎక్కాను. తారురోడ్డు మీద వరసగా కుండీల్లో చెట్లు. ఒక మూల వంట. పిల్లలు స్కేటింగ్ చేస్తున్నారు. ఇరవై ఏళ్ళకి పైగా ఆ వంతెన మీద బస్సులో తిరిగాను, కింద థేమ్స్ నీళ్ళ చప్పుడు వినపడింది మాత్రం ఆ రోజే. పోలీసులు నలుగురు కలిసి నా వయసావిడని ఎత్తుకుపోతుంటే ఆవిడ పాట ఆపలేదు. దారి తప్పించి నడిచిపోతున్నవాళ్ళు విసుక్కున్నారు, నిజమే. కానీ చాలామంది ఆగి, ఏంటని అడిగారు. నా పులిహోర తిన్నవాళ్ళలో సగం మంది అలా ఆగినవాళ్ళే.

ఆ పదకొండు రోజుల్లో వెయ్యిమందికి పైగా అరెస్టయ్యారు. మే 1న బ్రిటన్ పార్లమెంటు వాతావరణ అత్యవసర పరిస్థితి తీర్మానం చేసింది. జూన్‌లో, 2050కల్లా భూమిని వేడెక్కించే వాయువుల ఉద్గారాలు నికరంగా సున్నాకి రావాలని చట్టం మారింది. ఇదంతా వంతెన వల్లే జరిగిందని నీకు చెబితే అబద్ధమవుతుంది. బడిపిల్లల శుక్రవారం సమ్మెలు, ప్రభుత్వ సలహా కమిటీ నివేదిక కూడా ఆ రోజుల్లోవే. అన్నీ కలిసొచ్చాయి.

అదే ఏడు అక్టోబరు 17న ఇంకో రోజు చూశాను. తెల్లారగట్ట డ్యూటీకి ఈస్ట్ హామ్‌లో బయల్దేరి వెస్ట్ హామ్‌లో జూబ్లీ లైన్ మెట్రోకి మారదామని దిగితే రైళ్ళు లేవు. తర్వాతి స్టేషన్ క్యానింగ్ టౌన్‌లో ఎక్స్‌టింక్షన్ రెబెలియన్ వాళ్ళే ఇద్దరు రైలు పైకెక్కారట. ప్లాట్‌ఫాం మీదవాళ్ళు వాళ్ళని కిందికి లాగి కొట్టారని కాసేపటికి అందరి ఫోన్లలోనూ వీడియో. నా పక్కన ఒక ఘనా ఆవిడ ఉంది. ఇంటింటికీ వెళ్ళి ముసలివాళ్ళకి స్నానాలు చేయించే కేరర్. వెళ్ళిన ఇంటికే డబ్బు, వెళ్ళకపోతే లేదు. ఏడున్నరకి ఒక పెద్దాయన్ని మంచం మీంచి లేపాలి, తను వెళ్ళేదాకా ఆయన కదల్లేడు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడంలేదు. ఆవిడ నన్ను అడిగింది, "ఇది కరెంటు రైలు కదా, దీన్నెందుకు ఆపారు?" అని. నేను ఏప్రిల్‌లో వంతెన ఎక్కినదాన్నే అని ఆవిడకి చెప్పడానికి నోరు రాలేదు. జవాబు కూడా లేదు నా దగ్గర.

నీ ప్రశ్నకి నేను చెప్పేది ఆ రెండు రోజుల మధ్యనే ఉంది. దారి ఆపడం మంచా చెడా అని తేల్చుకోబోకు. ఎవరి టైము తీసుకుంటున్నావో చూడు, ఆ మనిషికి కారణం అక్కడికక్కడే కనపడుతుందా అని చూడు. మన వైపు కాలవకి నీళ్ళు వదల్లేదని రైతులు రాస్తారోకో చేస్తే, పక్కనే ఎండిపోయిన నారుమడి ఉంటుంది. బస్సులోవాళ్ళు గొణుక్కుంటూనే దిగి చెట్టు నీడన నిలబడతారు. ఎందుకు ఆపారని ఎవరూ అడగరు. 2022 ఏప్రిల్‌లో, కొత్తగా చమురు తవ్వొద్దనే జస్ట్ స్టాప్ ఆయిల్ అనే గుంపువాళ్ళు ఆయిల్ డిపోల గేట్లకి అడ్డం కూర్చున్నప్పుడు కూడా అంతే, ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. అదే ఏడు అక్టోబరులో వాళ్ళే లండన్ నేషనల్ గ్యాలరీలో వాన్‌గో పొద్దుతిరుగుడు పూల బొమ్మ మీద టమాటా సూప్ పోస్తే ప్రపంచమంతా చూసింది. కానీ మాట్లాడుకున్నది బొమ్మ గురించి. బొమ్మకి అద్దం ఉంది, దానికేం కాలేదు అని చెప్పుకోవడానికే వాళ్ళ టైమంతా పోయింది.

ఇక తిట్లు. తిడతారు. ఒపీనియన్ పోల్స్‌లో జస్ట్ స్టాప్ ఆయిల్ ఎక్కువమందికి నచ్చలేదు. అయితే వాళ్ళు 2022 నవంబరులో లండన్ చుట్టూ తిరిగే ఎం25 హైవే మీద రోడ్డుకి అడ్డంగా ఉండే ఇనుప వంతెనలెక్కి ట్రాఫిక్ ఆపినప్పుడు, ముందూ తర్వాతా అవే మనుషుల్ని పరిశోధకులు అడిగారు. ఆ గొడవ గురించి బాగా విన్నవాళ్ళు ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్ లాంటి నెమ్మదైన పర్యావరణ సంస్థ వైపు ఇంకాస్త మొగ్గారు. అంటే తిట్లు కూర్చున్నవాళ్ళకి పడ్డాయి గానీ, విషయానికి అంతగా అంటుకోలేదు. నెమ్మదిగా ఉంటే చాలనుకుంటావేమో, అదీ చూశాం. 2023 ఏప్రిల్‌లో ఎక్స్‌టింక్షన్ రెబెలియన్ చేతులు జిగురుతో రోడ్డుకి అంటించుకోవడం, తాళాలు వేసుకోవడం పక్కనపెట్టి పార్లమెంటు దగ్గర నాలుగు రోజులు పదుల వేల మందిని కూడగట్టింది. నేనూ ఉన్నాను. పేపర్లలో మాత్రం చాలా తక్కువ వచ్చింది.

నష్టం జరిగిన చోటు వేరే ఉంది, అది నాకు కడుపులో మంట. జనం విసుగుని సాకుగా చూపించి ప్రభుత్వం చట్టాలు బిగించింది. 2022 చట్టంతో ప్రజలకి ఇబ్బంది కలిగించిన నేరానికి పదేళ్ళ దాకా శిక్ష వేయొచ్చు. 2023 చట్టంతో పెద్ద అంతరాయం కలిగేలా మనిషి తనని తాను దేనికైనా తాళం వేసుకోవడమే నేరం. ఎం25 ఆపాలని జూమ్ కాల్‌లో ప్లాన్ వేసినందుకు 2024 జులైలో ఒకరికి 5 ఏళ్ళు, నలుగురికి 4 ఏళ్ళు పడింది. అప్పీలులో తగ్గాయి, ఆ 5 ఏళ్ళు 4 అయ్యాయి. రోడ్డు మీద కూర్చున్నందుకు కాదు, ప్లాన్ మాట్లాడుకున్నందుకు, తల్లీ.

నువ్వు స్టూడెంట్ వీసా మీద ఉన్నావు. మీ క్లాసులో ఇక్కడి పిల్లలకి జరిమానాతో పోయేది నీకు అలా పోదు. శిక్ష పడితే ప్రతి వీసా దరఖాస్తులోనూ రాయాలి, పెద్దదైతే ఈ దేశంలో ఉండనివ్వరు. అందుకని నువ్వు రోడ్డు మీద కూర్చోవద్దు, జిగురు జోలికి పోవద్దు, ప్లాన్ మాట్లాడుకునే గ్రూపుల్లోనూ ఉండొద్దు. ఇది నా మాటగా ఖాయం చేసుకో. వచ్చే ముందు ఇమిగ్రేషన్ తెలిసిన సొలిసిటర్‌ని ఒకసారి కలువు, ఫీజు నేను పెట్టుకుంటా.

మరి వచ్చి ఏం చేస్తావంటావా? ఆగిన కార్ల దగ్గర మాట్లాడేవాళ్ళు లేక వాటర్లూలోనే చాలా ఇబ్బంది పడ్డాం. పేవ్‌మెంట్ మీద నిలబడు. కార్లో కూర్చున్నవాడికి మొదటి ఐదు నిమిషాల్లోనే ఎవరో ఒకరు మర్యాదగా వెళ్ళి చెప్పాలి, ముందు క్షమించమని అడగాలి, ఆ తర్వాతే కాగితం ఇవ్వాలి. అరిచేవాడితో వాదన పెట్టుకోకు, వాడు చెప్పేది చివరిదాకా విను. అంబులెన్స్‌కి అందరూ దారి వదులుతారు. ఆ ఘనా ఆవిడకి మాత్రం సైరన్ ఉండదు. ఎవరైనా పేషెంటు దగ్గరికి వెళ్తున్నామంటే వాళ్ళని పంపించాలని మీవాళ్ళతో ముందే ఒప్పించు. ఒప్పుకోకపోతే ఆ గుంపుతో రావద్దు.

ఒకవేళ పోలీసులు పట్టుకుంటే భయపడకు. స్టేషన్లో లాయరు ఉచితం, అడగాలి అంతే. లాయరు వచ్చేదాకా పేరూ అడ్రసూ తప్ప ఇంకేం చెప్పకు. నా నంబరు పెన్నుతో చేతి మీద రాసుకో, ఫోన్ తీసేసుకుంటారు.

వచ్చే ముందు రోజు రాత్రి మా ఇంట్లోనే పడుకో. పొద్దున్నే పులిహోర కలుపుతా, డబ్బా నువ్వు మొయ్యాలి, నా భుజం ఇదివరకటిలా లేదు. మీ అమ్మకి మాత్రం ఈ వారంలోనే నువ్వే చెప్పు. నా చెల్లెలు ఈ కబురు నా నోటి నుంచి వినకూడదు.

మీ పెద్దమ్మ